నా షీట్ వాడుతున్న అన్నలూ, ముందు డి1 గడి చూడండి



పోయిన సెప్టెంబరు మొదట్లో ఈ పేజీలో నేనొక పోస్టు పెట్టా, గుర్తుండే ఉంటది. "రొయ్యల గుంట లెక్కలు ఫోన్లోనే పెట్టుకోండి, చిరిగిపోయిన నోటుబుక్కులు ఇంక చాలు" అని. కొంచెం గొప్పలు కూడా పోయా. అది చూసి చాలామంది షీట్ పంపమన్నారు, పంపించా. విడవలూరు నుంచి, తోటపల్లిగూడూరు నుంచి, అటు కోట, వాకాడు వైపు నుంచి కూడా అడిగారు. ఆ షీట్లో తప్పుంది. నా తప్పే.

సంక్రాంతికి అటూ ఇటూగా పిల్ల వదిలినోళ్ళకి ఇప్పుడు తొంభయ్యో రోజు దగ్గరకొస్తుంది. అందుకే ఇంక నాన్చకుండా రాస్తుండా. ముందు ఈ పని చేసి, మిగతాది తర్వాత తీరిగ్గా చదవండి. షీట్ తెరిచి డి1 గడి మీద రెండుసార్లు నొక్కండి. అందులో =సమ్(డి4:డి93) అని ఉంటది. నేనిక్కడ తెలుగులో రాస్తుండా, ఫోన్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలే కొట్టాల. దాన్ని చెరిపేసి =సమ్(డి4:డి) అని కొట్టండి. చివరి డి పక్కన ఏ నంబరూ ఉండకూడదు. గూగుల్ షీట్స్‌లో ఇది చాలు. ఎక్సెల్ వాడేవాళ్ళు డి4:డి1000 అని పెట్టుకోండి.

అయిందా? ఇప్పుడు ఆ 93 అనే అంకె వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తా.

మాది మైపాడు రోడ్డు పక్క ఊరు. రెండెకరాల కయ్య సొంతం, రెండు రొయ్యల గుంటలు లీజు. గుంటలు నేనూ మా బావా చెరిసగం. బావంటే మా అక్క మొగుడు. డబ్బులు, బిల్లులు, బయట తిరుగుడు నాది. మేత, మందు, ఏరేటర్లు, కూలోళ్ళు, రాత్రి కాపలా బావది. ఆరేళ్ళుగా ఇట్టే నడస్తా ఉంది. లెక్క మాత్రం ఎప్పుడూ బావ జేబులో ఉండే చిన్న నోటుబుక్కే. చెమటకి తడిసి, మేత పొడి అంటుకుని, పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటది. పట్టుబడి అయినాక ఇద్దరం కూర్చుని ఒక సాయంత్రమంతా కూడతాం. మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చేవి. మూడిట్లో మధ్యది తీసుకునేవాళ్ళం, నవ్వుకునేవాళ్ళం.

పోయిన జూన్‌లో పిల్ల వదిలేటప్పుడు మా అమ్మాయి సెలవలకి ఇంట్లో ఉంది, డిగ్రీ చదువుతుంది. "నాయనా, ఇదంతా ఫోన్లో అయిపోద్ది" అని గూగుల్ షీట్ తెరిచి చూపించింది. అరగంటలో నాకు పిచ్చెక్కింది అనుకోండి. ఇంకా మొదలుపెట్టని వాళ్ళ కోసం ఆ అరగంట పాఠం ఇక్కడ చెప్పేస్తా, ఎందుకంటే తప్పు జరిగిందని పనిముట్టుని పారేయమని నేను చెప్పబోవట్లేదు.

మన పొలానికి సర్వే నంబరు ఉన్నట్టే షీట్లో ప్రతి గడికీ ఒక పేరుంటది. పైన అడ్డంగా ఎ, బి, సి, డి అని అక్షరాలు, పక్కన నిలువుగా 1, 2, 3 అని అంకెలు. డి అనే నిలువు వరసలో నాలుగో గడి డి4. అంతే. ఆ గడిలో 40 అని కొడితే అది 40. కానీ ముందు ఈక్వల్ టు గుర్తు పెట్టి కొడితే, అది అంకె కాదు, పని. "ఇది చేసి చూపించు" అని చెప్పడం.

మన రొయ్యల లెక్కతో చెప్తా. విసురు వల వేసి శాంపిల్ తీశాం. 92 రొయ్యలు వచ్చినాయి, తూకం 1,600 గ్రాములు. ఎ6లో 92, బి6లో 1600 కొట్టా. సి6లో =బి6/ఎ6 అంటే సగటు బరువు 17.39 గ్రాములు వస్తది. డి6లో =1000/సి6 అంటే 57.5. అదే కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో. వారం తర్వాత మళ్ళీ వలేసి రెండు అంకెలు మారిస్తే మిగతా రెండూ వాటంతట అవే మారతాయి. మళ్ళీ క్యాలిక్యులేటర్ పట్టుకునే పని లేదు.

గుంటలో ఎంత సరుకుందో చూడాలంటే వదిలిన పిల్ల, బతికిన శాతం, సగటు బరువు మూడూ గుణించి వెయ్యితో భాగించాల. మేం 5 లక్షల పిల్ల వదిలాం. 70 శాతం బతికిందనుకుంటే, 17.39 గ్రాముల దగ్గర 6,086 కిలోలు. ఇక్కడ నేను మొదటిసారి 70 పక్కన శాతం గుర్తు పెట్టడం మర్చిపోయా. ఆరు వందల టన్నుల రొయ్య చూపించింది. "నాయనా, కృష్ణపట్నం పోర్టుకి ఓడ చెప్పు" అని మా పిల్ల పడీ పడీ నవ్వింది.

డాలర్ గుర్తు గురించి చాలామంది ఫోన్ చేసి అడిగారు. మన రొయ్య రేటుకీ దానికీ ఏం సంబంధం లేదు. మేత కిలో రేటు 96 రూపాయలు, అది ఎఫ్1లో ఉంది. నాలుగో వరసలో =డి4*ఎఫ్1 అని కొట్టి, వేలితో కిందకి లాగితే, అయిదో వరసలో అది డి5*ఎఫ్2 అయిపోద్ది. ఎఫ్2లో ఏమీ లేదు, సున్నా వస్తది. డి కిందకి జరగాల, ఎఫ్1 జరగకూడదు. దాన్ని గుంజకి కట్టేయాల. =డి4*$ఎఫ్$1 అని రాస్తే ఆ డాలర్లే పలుపుతాడు. గొడ్డు మేస్తా పోయినా గుంజ కదలదు గదా.

బ్రాకెట్లు కూడా చూసుకోండి, ముఖ్యంగా పొత్తులో గుంటలు చేసేవాళ్ళు. మా పంటకి వచ్చింది 23,10,000. ఖర్చు 19,80,000. నా వాటా ఎంత? =(వచ్చింది-ఖర్చు)/2 అంటే 1,65,000. బ్రాకెట్ మర్చిపోతే ముందు ఖర్చుని సగం చేసి, ఆ సగాన్ని తీసేస్తది, 13,20,000 చూపిస్తది. భాగహారం, గుణకారం ముందు చేసి, కూడికా తీసివేతా తర్వాత చేయడం దాని అలవాటు. బడిలో మన అయ్యవారు చెప్పిందే, మనం మర్చిపోయాం.

వరి వాళ్ళకి ఒకటి చెప్పి అసలు కథలోకి పోతా. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. వ్యాపారి పుట్టి లెక్కన చెప్తాడు, ప్రభుత్వం క్వింటాలు లెక్కన చెప్తది, మధ్యలో మనం బుర్ర గోక్కుంటాం. 2025-26కి గ్రేడ్ ఎ వడ్లకి మద్దతు ధర క్వింటాలుకి 2,389. =2389*850/100 అని కొడితే పుట్టికి 20,306 వస్తది. కయ్య కాడికొచ్చినతను పుట్టి 19,000 అంటే క్వింటాలు 2,235 పడినట్టు. అతనే తేమ ఉందని పుట్టికి 950 కిలోలు తూచుకుంటే? 850 ఉన్న గడిలో 950 కొట్టండి. క్వింటాలు 2,000 అయిపోద్ది. నోటితో వంద కిలోలే గదా అంటాడు, గడిలో చూస్తే తెలుస్తది అది ఎంతో.

సరే, మా గుంటల దగ్గరకొస్తా.

జూన్ 10న పిల్ల వదిలాం. తొంభై రోజుల పంట అనుకున్నాం. మా అమ్మాయికీ అదే చెప్పా. నాలుగో వరస మొదటి రోజు, 93వ వరస తొంభయ్యో రోజు. పైన డి1లో మొత్తం మేత కనపడేలా ఆ పిల్ల =సమ్(డి4:డి93) అని పెట్టింది. తన తప్పేమీ లేదు, నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. రోజూ రాత్రి బావ నోటుబుక్ చూసి నేను ఆ రోజు మేత ఎక్కించేవాడిని.

ఆగస్టు 27 నుంచి అమెరికా వాళ్ళు మన రొయ్య మీద సుంకం 50 శాతం చేశారు. మీకు తెలియందేముంది, అందరం తిన్న దెబ్బే గదా. కొనేవాళ్ళు రేట్లు దించేశారు. తొంభయ్యో రోజు వచ్చేటప్పటికి పట్టాలా ఆగాలా అని రెండు రాత్రులు నిద్ర లేదు. షీట్లో రేటు గడి మార్చి మార్చి చూశా. ఇంకో రెండు వారాలు మేపితే 50 కౌంటుకి పోద్ది, ఈలోపు రేటు కాస్త తేరుకోవచ్చు, అక్టోబరు వానలు దిగేలోపు పట్టేయొచ్చు అని ఆగాం. 104 రోజులకి పట్టాం. 7 టన్నులు, 50 కౌంటు, కిలో 330. ఆశపడ్డంత కాదు గానీ, చేతులు కాలలేదు.

ఆ చివరి 14 రోజులు కూడా నేను ఎక్కిస్తానే ఉన్నా. 94వ వరస, 95వ వరస, అట్ట 107 దాకా. రొయ్య పెద్దదైనాక రోజుకి ఆరు బస్తాలు పైనే తింటది. పైన డి1 మొత్తం ఆ 14 రోజులూ కదలకుండా ఉంది. నేను చూడలేదు. కింద ఎక్కించడమే గానీ పైకి జరిపి చూసిందెప్పుడు?

లెక్క తేల్చుకునే రోజు మా అక్కా వాళ్ళ వసారాలో కూర్చున్నాం. మేత కొట్టు గుమాస్తా పిల్లోడు కూడా బిల్లు పుస్తకం తీసుకుని వచ్చున్నాడు. బిల్లు ప్రకారం 420 బస్తాలు. బస్తా 2,400, మొత్తం 10,08,000. నా ఫోన్లో డి1 చూస్తే 8,350 కిలోలు. పాతిక్కి భాగిస్తే 334 బస్తాలు. షెడ్లో మిగిలింది ఒక్కటి కూడా లేదు. 86 బస్తాలు తేడా. 2,06,400 రూపాయలు. ఆ పంటలో నా వాటాగా నాకొచ్చేదానికంటే ఎక్కువ.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాల. మా గుంటల పక్కనే బావకి ముప్పావు ఎకరం సొంత గుంట ఉంది. అది గుర్తొచ్చింది నాకు. ఆరేళ్ళలో ఎప్పుడూ గుర్తు రాలేదు, ఆ రోజు గుర్తొచ్చింది.

"బావా, 86 బస్తాలు యాడికి పొయ్యినాయ్?" అన్నా.

బావకి మొదట అర్థం కాలేదు. "ఏంది?" అన్నాడు.

"కొన్నది 420. గుంటలకి వేసింది 334. మిగతాది యాడ?"

"నా చేత్తో రాసిచ్చిందేగా నువ్వు ఎక్కిచ్చింది."

"నేను చెప్పేది కాదు బావా. షీటు చెప్తుండాది."

ఈ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ రాత్రుళ్ళు మెలకువొస్తది. షీటు ఎవరి మీదా ఏమీ చెప్పదు. నేను చెప్పి, దాని నోట్లో పెట్టా.

బావ ఆ గుమాస్తా పిల్లోడి వైపు ఒకసారి చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని లేచి పోయాడు. అక్క ఏమీ అనలేదు. నా ముందు పెట్టిన కాఫీ గ్లాసు, ఇంకా తాగలేదు నేను, తీసుకుని లోపలికి పోయింది.

పదకొండు రోజులు మాటల్లేవు. గుంటలు ఎండబెట్టే పని నేనొక్కణ్ణే కూలోళ్ళని పెట్టి చేయించా. మా ఇంట్లో ఆడవాళ్ళు నాతో అవసరమైనంత వరకే మాట్లాడారు. నేను మాత్రం లెక్క నా వైపే ఉందని గట్టిగా ఉన్నా. ఎఫ్‌సీఆర్ చూసుకుని మురిసిపోయా కూడా. 8,350 కిలోల మేతకి 7,000 కిలోల రొయ్య, అంటే 1.19. ఇంత మంచి ఎఫ్‌సీఆర్ మా గుంటల్లో ఎప్పుడూ రాలేదు. మామూలుగా 1.4, 1.5 వస్తది మాకు. అసలు అక్కడే నాకు అనుమానం రావాల్సింది. 50 కౌంటు దాకా మేపి, మధ్యలో వైట్ గట్ కూడా చూసి, 1.19 ఎట్ట వస్తది? లాభం చూపించే తప్పుని ఎవడూ వెతకడు. నష్టం చూపించి ఉంటే ఆ రాత్రే పది సార్లు కూడి ఉండేవాణ్ణి.

పన్నెండో రోజు అక్క ఫోన్ చేసింది. "గోతాలు కొనేవాడు వచ్చుండాడు. వచ్చి లెక్క చూసుకో. మళ్ళీ గోతాలు కూడా మీ బావే తినేశాడంటావు" అని పెట్టేసింది.

పోయా. షెడ్డు పక్కన ఖాళీ మేత గోతాలు పదేసి మడిచి, పురికొసతో కట్టలు కట్టి ఉన్నాయి. అక్క కట్టింది. 42 కట్టలు. లెక్కబెట్టా, మళ్ళీ లెక్కబెట్టా. 420. బావ సొంత గుంటకి వాడేది వేరే కంపెనీ మేత, ఆ గోతాల రంగే వేరు, అవి వాళ్ళ గుంట కట్ట మీద ఉన్నాయి. మేత దొంగతనంగా మళ్ళించేవాడు ఖాళీ గోతాలు మన షెడ్డుకే తెచ్చి వరసగా పెడతాడా అనిపించింది. రుజువు కాకపోవచ్చు, కానీ నా గట్టితనం కాస్త ఇరిగింది.

ఆ రాత్రి ఫోన్ తీసి డి1 మీద రెండుసార్లు నొక్కా. నొక్కితే ఏ గడుల్ని కూడుతుందో వాటి చుట్టూ రంగు గీత గీసి చూపిస్తది. వేలితో కిందకి జరుపుకుంటా పోయా. గీత 93 దగ్గర ఆగిపోయింది. దాని కింద 14 వరసలు, నా వేళ్ళతో నేను కొట్టినవే, గీత బయట పడున్నాయి. విడిగా కూడి చూశా. 2,150 కిలోలు. 86 బస్తాలు. సరిగ్గా 86.

పంటలో ఏడో వంతు రోజులు కూడా కావు అవి, కానీ మేతలో అయిదో వంతు.

మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నన్ను ఓదార్చడానికి ఒక కథ చెప్పింది. నాకు ఓదార్పు కాలేదు గానీ మీకు చెప్తా. అమెరికాలో ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్లు ఇద్దరు, కార్మెన్ రైన్‌హార్ట్, హార్వర్డ్ యూనివర్సిటీలో ఉన్న కెనెత్ రోగాఫ్ అని, 2010లో దేశాల అప్పుల మీద ఒక వ్యాసం రాశారు. అప్పు బాగా పెరిగిన దేశాల్లో ఎదుగుదల పడిపోద్దని అందులో లెక్క. ఖర్చులు తగ్గించాలనే ప్రభుత్వాల వాళ్ళు దాన్ని ఎత్తి చూపించారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, మాసచుసెట్స్ యూనివర్సిటీ అతను, వాళ్ళ ఎక్సెల్ షీట్ తెప్పించుకుని చూస్తే, సగటు తీసే ఫార్ములా ఎల్30 నుంచి ఎల్49 దాకా ఉండాల్సింది ఎల్44 దగ్గరే ఆగింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్, అయిదు దేశాలు గీత బయట. ఆ వ్యాసం మీద వేరే అభ్యంతరాలు కూడా ఉన్నాయి, ఈ తప్పొక్కటే కాదు. తప్పు ఉన్నమాట వాళ్ళూ ఒప్పుకున్నారు. "చూడు నాయనా, వాళ్ళకి అయిదు వరసలు, నీకు పద్నాలుగు" అంది.

ఇంకో విచిత్రం కూడా చెప్పింది. ఇట్ట గడులూ ఫార్ములాలూ కంప్యూటర్‌లో పెట్టాలన్న ఆలోచన పుట్టింది కూడా ఆ హార్వర్డ్‌లోనే అంట. డాన్ బ్రిక్‌లిన్ అనే కుర్రోడు అక్కడ చదువుతుంటే, అయ్యవారు బోర్డు మీద పెద్ద లెక్కల పట్టీ వేసి, ఒక అంకె తప్పయితే దాని కింద ఉన్నవన్నీ చెరిపి మళ్ళీ రాయడం చూశాడు. ఒకటి మారిస్తే మిగతావి అవే మారితే బాగుండు అనుకున్నాడు. 1979లో బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి విజిక్యాల్క్ అని తెచ్చాడు. ఎక్సెల్ వచ్చింది ఆ తర్వాతే. మన రేటు గడి మారిస్తే వాటా గడి మారేది ఆ కుర్రోడి పుణ్యమే.

తెల్లారి అయిదున్నరకి బావ సొంత గుంట దగ్గరకి పోయా. చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందా లేదా చూస్తుండాడు. నన్ను చూసి మళ్ళీ ట్రే వైపే చూశాడు. జరిగింది చెప్పా. ఫోన్ తీసి గీత చూపించబోయా. "వద్దులే" అన్నాడు. క్షమించమన్నా. ట్రే నీళ్ళలోకి దించి, చేతులు కడుక్కుని, "ఆ కొట్టు పిల్లోడి ముందర అన్నావు అబ్బయ్యా. ఆడి ముందరే చెప్పు" అన్నాడు.

ఇద్దరం బండి మీద ఇందుకూరుపేట పోయాం. దారిలో మాటల్లేవు. కొట్లో నలుగురు రైతులున్నారు, ఆ గుమాస్తా ఉన్నాడు. అందరి ముందరా చెప్పా, లెక్క నాదే తప్పు, మా బావ రాసిన ప్రతి కిలో సరిగ్గా ఉంది అని. నోరు ఎండిపోయింది. ఆ పిల్లోడు "పోన్లే అన్నా" అన్నాడు. బావ రెండు బస్తాలు తీసుకుని, డబ్బులిచ్చి, బండి మీద పెట్టుకున్నాడు. అంతే. అక్క మాత్రం దీపావళి దాకా నాకు కాఫీ ఇవ్వలేదు.

ఇప్పుడు మళ్ళీ ఫిబ్రవరిలో ఇద్దరం కలిసే పిల్ల వదిలాం. షీట్ ఉంది, నోటుబుక్ కూడా ఉంది. నోటుబుక్ తీసేయొద్దని బావ పెట్టిన షరతు. షీట్లో మాత్రం కొన్ని కొత్త గడులు చేర్చా. మీరూ చేర్చుకోండి, పాత షీట్ ఉన్నోళ్ళకి కొత్తది పంపుతా.

జి1లో కొన్న బస్తాలు, హెచ్1లో షెడ్లో మిగిలిన బస్తాలు. ఐ1లో =(జి1-హెచ్1)*25-డి1. కొన్నదాంట్లో మిగిలింది పోగా గుంటకి పోయింది, షీట్లో రాసింది, రెండూ ఒకటైతే సున్నా వస్తది. వారానికొకసారి షెడ్లోకి పోయి బస్తాలు నిజంగా లెక్కబెట్టి హెచ్1 మార్చాల. విప్పిన బస్తా ఉంటే పది, ఇరవై కిలోలు అటూ ఇటూ ఉంటది, అది తేడా కాదు. సున్నాకి దూరంగా పోతే ఆ వారంలోనే తెలుస్తది, పట్టుబడి రోజు గుమాస్తా ముందు కాదు.

ఇంకోటి, =కౌంట్(డి4:డి). పేరు చూసి మోసపోవద్దు, ఇది రొయ్య కౌంటు కాదు. ఆ నిలువు వరసలో అంకెలున్న గడులు ఎన్నో చెప్తది. ఈరోజు 50వ రోజైతే 50 రావాల. 49 వస్తే ఒక రోజు ఎక్కించలేదనో, లేకపోతే అంకెకి బదులు మాటలు కొట్టామనో లెక్క. ఈ రెండోది చాలామంది చేస్తారు. "40 కిలోలు" అని కొడతారు. అది మనకి అంకె, దానికి మాట. సమ్ దాన్ని చప్పుడు చేయకుండా వదిలేసి మిగతావి కూడేస్తది. ఒక గుర్తు చెప్తా: మామూలుగా అంకె గడిలో కుడివైపుకి జరిగి ఉంటది, మాట ఎడమవైపుకి. ఎడమవైపు అంటుకున్న అంకె కనపడితే దాన్ని మళ్ళీ కొట్టండి. అమావాస్యకో వాన రోజో మేత ఆపితే ఆ గడి ఖాళీగా వదలొద్దు, 0 కొట్టండి. ఖాళీ అంటే వేయలేదా, రాయలేదా తెలియదు.

మా నాయన ఇదంతా మంచం మీద కూర్చుని వింటా ఉంటాడు. తొంభైల్లో టైగర్ రొయ్య వేసినోడు. వైట్ స్పాట్ వచ్చి గుంటలన్నీ తుడిచిపెట్టిన రోజులు చూసినోడు. "మా కాలంలో పోతే అంతా పోయేది, లెక్కలు రాసే పనుండేది కాదు" అంటాడు. నవ్వుతాడో ఏడుస్తాడో తెలియదు.

ఆదివారం సాయంత్రం గుంట కట్ట మీద కూర్చుని నేనూ బావా లెక్క సరిచూసుకుంటాం. బావ నోటుబుక్ చూసి చదువుతాడు, నేను ఫోన్ చూసి ఊ కొడతా. మొన్న ఆదివారం ఐ1లో 25 వచ్చింది. ఒక బస్తా. నా షీట్లో ప్రతి రోజూ ఉంది, కౌంట్ సరిపోయింది. బావ నోటుబుక్ మొదటి నుంచి చదివాం, అదీ సరిపోయింది. నేనేమీ అనలేదు. బావ కూడా ఏమీ అనకుండా టార్చిలైటు తీసుకుని, షెడ్లో బస్తాలు మళ్ళీ లెక్కబెట్టడానికి లేచాడు. నేనూ వెనకాలే పోయా.